అమ్మగారి దుబాయ్ ప్రయాణం, రోమింగ్ ఖర్చు: సమాధానం

రాజోలు నుంచి అమ్మగారు నెల రోజులకి దుబాయ్‌లో మీ అక్కగారింటికి వెళ్తున్నారు, రోమింగ్ ప్యాక్ ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి, పింఛను బ్యాంకు ఓటీపీలు మాత్రం ఆగకూడదు, అంతే కదండీ.

నెల రోజులకి ప్యాక్ దండగండి. ముందు ఆవిడ ఫోన్లో *#06# కొట్టండి. ఫోన్ గుర్తింపు నంబరైన ఐఎంఈఐతో పాటు ఈఐడీ అని ఓ పొడుగాటి నంబరు కనిపిస్తే ఈ-సిమ్, అంటే కార్డు పెట్టకుండా ఫోన్లోనే లోడయ్యే సిమ్, పనిచేస్తుంది. డేటా మాత్రమే ఉన్న ఈ-సిమ్ కొని, ఇంటి వైఫై మీదే దాంతో వచ్చే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసెయ్యండి. శంషాబాద్‌లో విమానం ఎక్కే హడావిడిలో పెట్టుకోకండి. ఈఐడీ లేకపోతే అక్కడికి దిగాక పాస్‌పోర్టు చూపించి విజిటర్ సిమ్ తీసుకోవడమే.

అసలు తిరకాసు సెట్టింగుల్లో ఉంది. మన సిమ్‌కి డేటా రోమింగ్ ఆపాలి, ఈ-సిమ్‌కి అదే డేటా రోమింగ్ ఆన్ చెయ్యాలి. మొబైల్ డేటా దానంతటదే ఒక సిమ్ నుంచి ఇంకోదానికి మారే ఆప్షనుంటే తీసెయ్యండి, బిల్లు పేలేది అక్కడేనండి. మన సిమ్ మాత్రం ఆన్‌లోనే ఉంచి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడే యాక్టివేట్ చేయించండి, ఓటీపీలు వస్తాయి. ఆ నంబరుకి ఫోనొస్తే ఎత్తొద్దని ఆవిడకి మరీమరీ చెప్పండి. వాట్సాప్ నంబరు మారిందా అని అడిగితే వద్దనే నొక్కమనండి.

ఒకటి మర్చిపోకండి, దుబాయ్‌లో వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి గానీ కాల్స్ కలవవు. అక్కడ మనోళ్లు ఎక్కువగా బోటిమ్ అనే కాల్స్ యాప్ వాడతారు. అది మీ ఫోన్లోనూ వేసుకోండి.