ఏడాది బాబు, షుగర్ ఉన్న అత్తగారు: కాలిన గాయాల భయానికి సమాధానం

గాజువాకలో ఇరుకు వంటిల్లని, ఏడాది దాటిన బాబుకో, షుగర్ ఉన్న అత్తగారికో ఎప్పుడు కాలుతుందోనని టెన్షన్‌గా ఉందని రాశారు. నాకు స్టవ్ కంటే ముందు భయం వేసేది వేడినీళ్ల బకెట్. ఈ వయసు పిల్లలకు ఎక్కువగా కాలేది మంటతో కాదు, నీళ్లో టీయో చారో ఒలికి. చర్మం పలచన కదా, 60 డిగ్రీల నీళ్లు పడితే క్షణాల్లో లోతుగా కాలుతుంది. గీజర్ 50 లోపు పెట్టండి. బకెట్‌లో ముందు చన్నీళ్లు పోసి, తర్వాతే వేడినీళ్లు కలపండి. హీటర్ రాడ్ ఉంటే ఈరోజే మానేయండి. గంజి వార్చేటప్పుడు బాబు వంటింట్లో ఉండకూడదు, చంకలో అసలే వద్దు.

అత్తగారి సంగతి వేరు. షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గితే వేడి తెలియదు, కాపడం పెట్టుకుంటుండగానే బొబ్బలు లేస్తాయి. కాపడం మాన్పించండి, స్నానం నీళ్లు మీరే మోచేత్తో చూసి ఇవ్వండి. దీపం పెట్టేటప్పుడు కొంగు బొడ్లో దోపుకోమనండి. సింథటిక్ చీర అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

కాలితే వెంటనే 20 నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి. వైజాగ్ ఎండల్లో ట్యాంకు నీళ్లు కాగిపోతాయి కాబట్టి లోపల ఒక బిందె నింపి ఉంచండి. పేస్టు, సిరా, ఐసు వద్దు. బాబుకైతే చిన్న గాయమైనా డాక్టర్‌కి చూపించండి, ముఖం కాలితే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.