పాటలో ఆ ‘నువ్వు’ ఎవరు?

తమ్ముడికి,

ముందు నువ్వు రాసి పంపిన పాట విని, తర్వాత నీ ఉత్తరం చదివాను. అదే మంచిదైంది. ఉత్తరం ముందు చదివి ఉంటే, ఇది దుబాయిలో ఉన్న మీ నాయిన ఫోను కోసం ఎదురుచూసే పిల్లవాడి పాట అని తెలిసిపోయి, నేనూ అట్లనే వినేదాన్ని. తెలియకుండా విన్నాను కాబట్టి చెప్తున్నా, నాకు మీ నాయిన కనిపించలేదు. హాస్టల్లో ఉండి చదువుకున్న మా చిన్నోడు కనిపించాడు.

నీ ఫిర్యాదు కూడా ఇదే కదా. ఊళ్ళో పాడిన రోజే ఒకడు వచ్చి చేతులు పట్టుకుని ‘అన్నా, నా లవ్ స్టోరీ నీకెట్ల తెలుసు’ అన్నాడు. ఇంకొకామె పోయిన చెల్లెలు యాదికొచ్చిందని కళ్ళు తుడుచుకుంది. ‘అక్కా, నేను రాసింది ఒక్కరికీ అందలేదు. ఇకమీదట ఇది మా నాయిన మీద పాట అని చెప్పి పాడనా’ అని అడిగావు.

వద్దు. ఎందుకు వద్దో చెప్పేముందు, మనుషుల సంగతి పక్కనపెట్టి పాటలో వెతుకుదాం. పల్లవి మొదలుకొని చివరిదాకా ‘నువ్వు’ అని పిలిచావు. వచ్చాడనో వచ్చిందనో అంటే ఎవరో సగం తెలిసిపోతుంది. ‘వచ్చావు’ అంటే ఆడా మగా తెలియదు, తండ్రో పిల్లో తెలియదు. నాయిన అన్న మాట నీ పాటలో ఒక్కచోటా లేదు. ఆ ఖాళీలోకి ఎవరి మనిషి వాళ్ళకు నడిచొచ్చాడు. ఇందులో తప్పేం లేదు, మన పాటల్లో సగం ఈ ‘నువ్వు’ మీదే బతుకుతున్నాయి. దేవుణ్ణీ అట్లనే పిలుస్తాం, ప్రియుణ్ణీ అట్లనే పిలుస్తాం. కాకపోతే అది కావాలని చేశావా, చేతికొచ్చి పడిందా అన్నది నీకు తెలిసుండాలి. నాయిన అని తెలియడమే ముఖ్యమైతే పల్లవిలో ఒక్క మాట సరిపోతుంది. ముందుమాట చెప్పి పాడితే, పాట చేయాల్సిన పని నువ్వు చేస్తున్నట్టు. రేపు నువ్వు లేనిచోట, ఆటోలోనో వంటింట్లోనో ఆ పాట మోగుతుంది. అక్కడ ముందుమాట ఎవరు చెప్తారు?

ఈసారి బతుకమ్మకు ఊరికి పోయినప్పుడు మీ అమ్మతో ‘కలవారి కోడలు’ పాడించుకుని కూర్చుని విను. చిన్నప్పటి నుంచీ చెవిన పడిందే, అందుకే వినమంటున్నా. కలవారి కోడలు, కలికి కామాక్షి, పప్పు కడుగుతుంటుంది. అప్పుడే పెద్దన్న వస్తాడు. కాళ్ళకు నీళ్ళిస్తుంది, కళ్ళల్లో నీళ్ళు నింపుకుంటుంది. తుడుచుకో కన్నీళ్ళు, ముడుచుకో కురులు, ఎత్తుకో బిడ్డను అంటాడు అన్న. పోవాలంటే ఇంట్లోవాళ్ళ అనుమతి కావాలి. అత్తనడిగితే ‘నేనెరుగ నేనెరుగ, మీ మామనడుగు’ అంటుంది. మామనడిగితే ‘నేనెరుగ నేనెరుగ, మీ బావనడుగు’ అంటాడు. అట్ల ఒకరి మీదికి ఒకరు తోసేసుకుంటూ పోతారు. ఊరికో వరుసలో పాడతారు గానీ, అడుగుతూ పోవడం మాత్రం ఎక్కడైనా ఉంటుంది.

నా చిన్నతనంలో ఇది మాకు తమాషా పాట. ‘నేనెరుగ’ వచ్చేసరికి మేం పిల్లలం గొంతు బొంగురు చేసుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని ముసలమ్మల్లా పాడేవాళ్ళం, పెద్దవాళ్ళు కసిరేదాకా. పెళ్ళైన మొదటి ఏడు అదే పాటలో కాళ్ళకు నీళ్ళిచ్చే చోట నాకు గొంతు పెగల్లేదు. చప్పట్లు కూడా తప్పాయి. మా పక్కింటామెకు అన్నదమ్ములు లేరు. ఆ పాట మొదలైతే చప్పట్లు కొట్టేది కానీ గొంతు కలిపేది కాదు. ఎందుకని మేమెవరం అడగలేదు. ఇప్పుడు నా కోడలు పండక్కి పుట్టింటికి పోతానంటే ‘మీ మామనడుగు’ అన్న మాట నా నోటిదాకా వస్తుంది. పాటలో నేను ఎటు పక్కకు వచ్చి చేరానో అప్పుడు తెలిసి నవ్వొస్తుంది. ఆ నవ్వులో కొంచెం సిగ్గు కూడా ఉందనుకో.

ఇంతమందికి ఇన్ని రకాలుగా వినబడటానికి ఆ పాట ఏం చేసిందో గమనించు. కామాక్షికి ఆ ఇంట్లో ఏం కష్టమో చెప్పదు. కొట్టారా, తిట్టారా, కడుపుకు పెట్టలేదా, ఒక్క ముక్క లేదు. పప్పు కడగడం మాత్రం ఉంది. కాళ్ళకు నీళ్ళివ్వడం ఉంది. విడిపోయిన జుట్టు ఉంది. పనులన్నీ కళ్ళకు కట్టినట్టున్నాయి, బాధకు పేరు మాత్రం పెట్టలేదు. ఆ పేరు వినేవాళ్ళు తెచ్చుకుంటారు. నీకు చెప్పదలచుకున్నదంతా ఇంతే, కింద రాసేవన్నీ దీనికి సాక్ష్యాలు.

కొత్తగా రాసేవాళ్ళకు ఒక భ్రమ ఉంటుంది. పాట అందరికీ తగలాలంటే అందరికీ సరిపోయే మాటలే వేయాలని. గుండె, కల, కన్నీరు, దూరం, జ్ఞాపకం. వీటితో రోజుకో పాట వస్తోంది, రోజుకో పాట పోతోంది. అందరికీ సరిపోయేట్టు కుట్టిన చొక్కా ఎవరి ఒంటికీ పట్టదు.

భద్రాచల రామదాసును చూడు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారు. వసూలైన పన్ను సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, నగలు చేయించి, తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో పడ్డాడు. అంత విచిత్రమైన కష్టం ఇంకెవరికి వస్తుంది? అయినా ఆయన ‘నా వేదన’ అంటూ కూర్చోలేదు. సీతమ్మకు చింతాకు పతకం చేయించానన్నాడు, దానికి పదివేలు పట్టాయన్నాడు, కలికితురాయి లెక్క చెప్పాడు, ఎవడబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావని నిలదీశాడు. ఆ వెంటనే, దెబ్బలు తాళలేక తిట్టాను, ఏమనుకోకు అని బతిమాలాడు. ఎంత మనిషి! నాకు తెలిసిన ఒక పెద్దాయన, ఉద్యోగం దిగిపోయినప్పుడు వచ్చిన సొమ్మంతా కొడుకు ఇంటికి పోశాడు. ఆయన గుడికి పోగా నేను చూడలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని కూనిరాగం తీస్తే మాత్రం ఆ చరణమే. అందులో రాముడు ఎవరో ఆ వీధిలో అందరికీ తెలుసు, కోడలితో సహా.

గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ కూడా అంతే. 2002లో ‘కుబుసం’ సినిమాలో వచ్చాక అది పోని ఊరు లేదు. కుమ్మరి వాములో తుమ్మ మొలవడం, కమ్మరి కొలిమిలో దుమ్ము పేరుకోవడం, వడ్రంగి చెక్క చెక్కే బాడిశ మొద్దుబారడం. ఒక్కొక్క వృత్తి దగ్గరికీ పోయి అక్కడ పడి ఉన్న వస్తువును చేత్తో ముట్టుకుని రాసిన పాట. ఆయన చెప్పింది ఊళ్ళను కూల్చిన ఆర్థికం గురించి. బాడిశ ఎట్లుంటుందో చూడని హైదరాబాదు కుర్రాళ్ళు అందులో అమ్మమ్మ ఊరిని వింటారు, షార్జా లేబర్ క్యాంపులో ఉన్నవాడు సెలవు దొరకని పండగను వింటాడు. వస్తువు ఖచ్చితంగా ఉంటే చాలు, వినేవాడు తన వస్తువును దాని పక్కన పెట్టుకుంటాడు.

ఒక్కొక్కసారి మనిషి అనుభవం కాదు, కాలమే చెవులను మార్చేస్తుంది. శంకరంబాడి సుందరాచారి రాసి, టంగుటూరి సూర్యకుమారి పాడిన ‘మా తెలుగు తల్లికి’ ఉమ్మడి రాష్ట్రంలో సభల్లోనూ బళ్ళలోనూ పాడాం. అందులో మన ఓరుగల్లు రుద్రమ్మ కూడా ఉంది. అయినా తెలంగాణ ఉద్యమం రోజుల్లో మన దగ్గర చాలామందికి అది తమను పక్కకు నెట్టిన గొంతులా వినబడింది. అవే రోజుల్లో అమెరికాలో ఉన్న ఒక బెజవాడ అమ్మాయి, తెలుగు సంఘం సభలో ఆ పాట మొదలవగానే ఇల్లు గుర్తొచ్చి ఏడ్చానని నాతో అంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, పాటలో అక్షరం మారలేదు. అందెశ్రీ ‘జయ జయహే తెలంగాణ’ 2024లో రాష్ట్ర గీతమైంది. రోడ్డు మీద లాఠీల ముందు పాడినవాడికీ, ఎండలో వరసన నిలబడి ఎప్పుడు అయిపోతుందా అని చూసే బడిపిల్లకూ అది ఒకటే పాట ఎట్లవుతుంది?

సినిమా పాటల సంగతి నీకు తెలిసిందే. సందర్భం చెప్పి రాయించుకుంటారు, తర్వాత జనం ఆ సందర్భాన్ని మరిచిపోతారు. 1964లో ‘మూగమనసులు’లో పడవవాడు అమ్మాయిగారిని నిద్రపుచ్చడానికి పాడతాడు. ఆ పాటలో ఆత్రేయ రాసిన ‘పోయినోళ్ళందరూ మంచోళ్ళు’ అన్న ముక్క ఇవాళ శ్రద్ధాంజలి ఫ్లెక్సీల మీద కనిపిస్తుంది. కథ తెలియకపోయినా వాళ్ళకు లోటేం లేదు. ఇంట్లో ఒక ఫొటోకు దండ పడితే ఆ వాక్యం తెలిసిపోతుంది.

అట్లని వినేవాళ్ళు చెప్పిందల్లా తలకెత్తుకోకు. విరహం పాటలు పెట్టి పెళ్ళి వీడియోలు ఎన్ని చేస్తున్నారో నువ్వూ చూస్తున్నావు కదా. వధువు నవ్వుతూ ఉంటుంది, వెనక ఎవడో నన్నొదిలి పోయావని ఏడుస్తుంటాడు. దాన్ని అనుభవంతో వినడం అనలేం, అసలు వినలేదు అనాలి. నీ చేతులు పట్టుకున్న ఆ కుర్రాడు మళ్ళీ కనబడితే, ఏ మాట దగ్గర అట్లనిపించిందో అడుగు. ‘రింగైనప్పుడు ఎత్తేలోపు ఆగిపోతది కదన్నా, అక్కడ’ అని చూపిస్తే నీ పాట పని చేసినట్టు. చూపించలేక ‘మొత్తం బాగుందన్నా’ అంటే ట్యూన్‌కు పడ్డాడని. ఆ మెచ్చుకోలు ట్యూన్ కట్టినవాడికి ఇచ్చెయ్.

ఇకమీదట రాసింది ఎవరికైనా వినిపిస్తే ‘ఎట్లుంది’ అని అడగడం మానుకో. ఎట్లున్నా బాగుందనే అంటారు, మన వాళ్ళకు మొహమాటం ఎక్కువ. ‘ఎవరు యాదికొచ్చారు’ అని అడుగు. నీ ఈడు స్నేహితుల్నే కాదు, మీ అమ్మను, దర్జీ దగ్గర పనిచేసే వాణ్ణి, బడిలో నీకు నచ్చని సారును కూడా అడుగు. ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తే పాటను ముట్టుకోకు. ఎవరూ యాదికి రాలేదంటే ఆ లైనులో వస్తువు లేదని అర్థం.

నీ పాటలో అట్లాంటి చోటు ఒకటుంది, రెండో చరణం. మొదటి చరణంలో ఎత్తేలోపు ఆగిపోయే ఫోను ఉంది, నంబరు రాసిపెట్టిన క్యాలెండరు ఉంది, బాగున్నాయి. రెండో దాంట్లోకి వచ్చేసరికి గుండెకోత, ఎడారి బతుకు, కన్నీటి సంద్రం. నీ ఉత్తరంలో ఒక సంగతి రాశావు. నాయిన తెచ్చిన అట్టపెట్టెకు చుట్టిన నైలాన్ తాడును మీ అమ్మ కొయ్యనియ్యలేదని, ముడి విప్పి దాచి బట్టలారేసుకుందని. అది ఉత్తరంలో ఎందుకుంది, పాటలో ఎందుకు లేదు? గుండెకోత తీసేసి ఆ తాడు కట్టు. మార్చినాక ఆడియో పంపకు, కాగితం మీద రాసి పంపు. నీ గొంతు బాగుంటుంది, అది మాటల్లో లోపాలను కప్పేస్తుంది.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
అక్క