యాంటీఆక్సిడెంట్ ప్రాణవాయువుకు శత్రువా?

సందేహం: అయ్యా, ఒక ఆరోగ్య వ్యాసంలో ‘రక్త ప్రొటీన్ థయాల్స్ ప్రాణవాయు విరోధక రక్షణలో కీలక పాత్ర పోషిస్తాయి’ అని చదివాను. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, మూడుసార్లు చదివినా బోధపడలేదు. ప్రాణవాయువుకు విరోధి అయినది మనల్ని కాపాడడమేమిటి? థయాల్‌కు తెలుగు మాట ఉందా? థయాల్ అనాలా, థయోల్ అనాలా? బహువచనం ఎలా రాయాలి?

సమాధానం: బోధపడకపోవడం మీ తప్పు కాదండీ. ఆ వాక్యంలో మాటలు కొన్ని తెలుగువే గాని కూర్పు మనది కాదు.

ముందు ‘విరోధి’ సంగతి చూద్దాం. యాంటీఆక్సిడెంట్ అడ్డుపడేది ఆక్సిజన్‌కు కాదు, ఆక్సీకరణానికి. ఆక్సీకరణం మన వంటింట్లో రోజూ జరిగేదే. తరిగిన వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్లలో వెయ్యకపోతే కనరెక్కుతాయి. ఇనుప మూకుడు తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. అటక మీది ఇత్తడి బిందెకు చిలుము పడుతుంది. వస్తువును బట్టి పేరు పెట్టుకున్నారు మనవాళ్లు. కనరుకీ తుప్పుకీ చిలుముకీ కలిపి ఒకే మాట కావలసిన అవసరం వాళ్లకు రాలేదు. రసాయనశాస్త్రానికి వచ్చింది కాబట్టి ‘ఆక్సీకరణం’ పుట్టింది. అందుకే యాంటీఆక్సిడెంట్‌కు ‘ఆక్సీకరణ నిరోధకం’ అంటే చాలు. పేపర్లో రాసేటప్పుడైతే యాంటీఆక్సిడెంట్ అనే రాయండి, గ్రీన్ టీ ప్యాకెట్ల పుణ్యమా అని అందరికీ తెలిసిపోయింది.

ప్రాణవాయువు చక్కని మాటే. ఊపిరి గురించి, ఆసుపత్రి సిలిండర్ల గురించి రాసేటప్పుడు దానికి సాటి లేదు. రసాయన చర్యల్లోకి తెచ్చారంటే మాత్రం మీకొచ్చిన సందేహమే అందరికీ వస్తుంది. పాత పుస్తకాల్లోని ‘ఆమ్లజని’దీ ఒక ఇబ్బంది ఉంది. ఆమ్లాలన్నిటినీ పుట్టించేది ఈ వాయువేనని 18వ శతాబ్దంలో ఫ్రెంచ్ రసాయనవేత్త లావోయిజియే అనుకుని ‘ఆక్సిజన్’ అని పేరు పెట్టాడు, ఆమ్లజని దానికి అనువాదం. తీరా చూస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదు. ఆయన పొరపాటును మనం సంస్కృతంలోకి దించుకున్నాం!

ఇక థయాల్. గ్రీకులో గంధకాన్ని ‘థెయాన్’ అంటారు. దానికి ఆల్కహాల్ చివర ఉన్న ‘ఆల్’ చేర్చారు. ఆల్కహాల్‌లో ఆక్సిజన్ ఉండే చోట గంధకం కూర్చుంటే అది థయాల్. ఇథనాల్, గ్లిసరాల్, కొలెస్ట్రాల్ అని ఇప్పటికే రాస్తున్నాం కాబట్టి ఈ వరసలో థయాల్ అనడమే బాగుంటుంది. దీని పాత పేరు మెర్కాప్టాన్. 1830ల్లో డెన్మార్క్ రసాయనవేత్త జైసే పెట్టాడు, లాటిన్‌లో ‘పాదరసాన్ని పట్టేది’ అని అర్థం. పాదరసాన్నీ గంధకాన్నీ కల్వంలో నూరి నల్లటి కజ్జలి చేసే మన ఆయుర్వేద వైద్యులకు ఈ జంట కొత్తది కాదు. మెర్కాప్టాన్ వాసనా మీకు తెలుసు. గ్యాస్ లీకైనప్పుడు ముక్కుకు కొట్టేది గ్యాస్ కాదు, లీకు తెలియాలని అందులో కలిపే ఇథైల్ మెర్కాప్టాన్. థయాల్‌కు తెలుగు పేరు కల్పించాలని నాకైతే లేదు. ‘గంధక మద్యం’ అని ఎవరైనా మొదలుపెడితే ఎక్సైజ్ వాళ్లు వస్తారు.

ఇప్పుడు రక్తంలోకి వద్దాం, మీ వాక్యం ఇక్కడే తడబడింది. రక్తపు ద్రవభాగంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రొటీన్ ఆల్బుమిన్, లీటరుకు 35 నుంచి 50 గ్రాములు. పేరుకు మూలం లాటిన్‌లో తెల్లసొన. ఇందులో 585 అమైనో ఆమ్లాలు దండలా ఉంటాయి. వాటిలో గంధకమున్న సిస్టీన్లు 35. అందులో 34 రెండేసి చొప్పున చేతులు పట్టుకుని 17 జంటలవుతాయి. జంట లేకుండా మిగిలేది ఒక్కటే, దండలో 34వ స్థానంలో ఉన్నది. జంట కట్టని సిస్టీన్‌లోని గంధకమే ఇక్కడి థయాల్. ద్రవభాగంలోని థయాళ్లలో ఎక్కువ భాగం ఈ ఒంటరి సిస్టీన్‌దే. ఆక్సీకరణం చేసే హైడ్రోజన్ పెరాక్సైడ్, ఫ్రీ రాడికల్ లాంటివి వచ్చి పడితే తనే ఆక్సీకరణం చెంది, పక్కవాటికి దెబ్బ తగలకుండా చూస్తుంది. దెబ్బ చిన్నదైతే మళ్లీ మామూలు రూపానికి రాగలదు. ముదిరితే ఇక వెనక్కి రాదు. వయసు మీద పడినవారిలో, కిడ్నీ జబ్బున్నవారిలో ఇలా దెబ్బతిన్న ఆల్బుమిన్ పాలు పెరుగుతుంది. థయాళ్లను కొలిచే పద్ధతిని 1959లో ఎల్మన్ అనే శాస్త్రవేత్త ప్రకటించాడు. ఆయన రసాయనాన్ని నమూనాలో కలిపితే పసుపు రంగు తేలుతుంది. థయాళ్లు ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన.

అంటే ‘నిరోధకం’ అన్న మాట కూడా పూర్తిగా అతకదన్నమాట. థయాల్ గోడలా అడ్డం నిలబడదు, దెబ్బను తన మీద వేసుకుంటుంది. పారిభాషిక పదంగా నిరోధకాన్ని ఉంచుకుందాం, వాక్యంలో మాత్రం జరిగేదే చెబుదాం. ‘కీలక పాత్ర పోషిస్తాయి’ అన్నది అలా చెప్పకుండా తప్పించుకునే పద్ధతి. రాసినవారికి ఆ పని ఏమిటో తెలియనప్పుడే ఈ పాత్ర ఎక్కువగా రంగం మీదికి వస్తుందని నా అనుమానం. ‘రక్త ప్రొటీన్ థయాల్స్’ అని మూడు నామవాచకాల్ని గొలుసు కట్టడం ఇంగ్లీషుకు చెల్లుతుంది. మనకు మధ్యలో ఒక ‘లోని’, ఒక ‘ఉండే’ పడాలి. నేనైతే ఇలా రాస్తాను: ‘రక్తంలోని ప్రొటీన్లకు ఉండే థయాల్ సమూహాలు ఆక్సీకరణ దెబ్బను ముందుగా తమ మీద వేసుకుని, మిగతా వాటిని కాపాడతాయి.’

ప్రొటీన్‌కు బదులు మాంసకృత్తు అనవచ్చా అంటే అనవచ్చు, మాంసాన్ని చేసేది అని అర్థం. ‘పప్పులో మాంసకృత్తులా?’ అని మా అత్తయ్య కంచం ముందునుంచి లేవబోయిన రోజు నుంచీ నేను ప్రొటీన్ అనే అంటున్నాను.

బహువచనం మీరు గమనించే ఉంటారు, థయాళ్లు అని రాస్తూ వచ్చాను. హోటల్ హోటళ్లయింది, స్కూల్ స్కూళ్లయింది. పాఠ్యపుస్తకాల్లో ఆల్కహాల్‌లు అని విడదీసి రాసినట్టే థయాల్‌లు అన్నా తప్పు లేదు. థయాల్స్ అని ఇంగ్లీషు ‘స్’ తగిలించడమే అక్కర్లేని పని.