బాడీ ఒక మూల లేవడం లేదా? పుల్లీ లాగడం ఆపు

తమ్ముడూ, కళింగపట్నంలో మీ పాత మహీంద్రా జీపు బాడీని ఫ్రేము (కింది ఇనుప చట్రం) మీంచి ఎత్తుతుంటే వెనక వైపు లేచిందనీ, ముందు డ్రైవర్ మూల కదలట్లేదనీ, చైన్ పుల్లీ ఇంకాస్త లాగాలా అనీ అడిగావు. వద్దు, అస్సలు లాగకు. ముందుగా, లేచిన వెనక వైపుని మెల్లగా దించి, కింద చెక్క దిమ్మలు పెట్టు.

ఆ మూల పట్టుకుందంటే ఏదో ఇంకా ఊడలేదన్నమాట. మొదట స్టీరింగ్ కాలమ్ చూడు. పాత మోడళ్లలో క్లచ్, బ్రేక్ పెడల్స్ ఫ్రేముకే ఉండి, ఫ్లోరు రేకులోంచి పైకొస్తాయి. వాటి పైభాగం తీయకపోతే రేకు అక్కడే తగులుకుంటుంది. తర్వాత ఎర్త్ వైరు, స్పీడోమీటర్ కేబుల్, హ్యాండ్‌బ్రేక్. అన్నీ ఊడాయనుకుంటే బురద గీకి చూడు, దాని కింద ఇంకో బోల్టు దాక్కుని ఉండొచ్చు.

సముద్రపు గాలికి బోల్టులు పట్టేసి ఉంటాయి. తుప్పు వదిలే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలెయ్. అయినా రాకపోతే గ్రైండరుతో కొయ్యి, కానీ ట్యాంకు దించి దూరంగా పెట్టాకే. ఖాళీ ట్యాంకు కదా అని ధీమా పడకు, లోపలి ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఫ్లోరు తుప్పు తినేసిందన్నావు కాబట్టి, ఎత్తే ముందే రెండు వైపులా డోరు ఖాళీకి అడ్డంగా యాంగ్లర్ (L ఆకారపు ఇనుప బద్ద) ముక్క వెల్డ్ చేయించు. లేకపోతే బాడీ మధ్యలో వంగిపోతుంది, మళ్లీ ఫ్రేము మీద కూర్చోబెట్టేటప్పుడు ఒక్క బోల్టు కన్నమూ కలవదు.

పుల్లీని పెంకుల షెడ్డు దూలానికి మాత్రం కట్టకు. వేలాడే బాడీ కింద ఎవరినీ చెయ్యి కూడా పెట్టనివ్వకు.