తాతగారి వెబ్లీ రివాల్వర్ ఏ సంవత్సరానిది? దాని చెక్క పిడి అసలుదేనా?

మీ తాతగారు పోయి నాలుగు నెలలైందని, పరకాలలోని ఇంట్లో బీరువాలో ఆయన రివాల్వర్ ఉందని రాశారు. ఎడమ వైపు ‘వెబ్లీ, మార్క్ సిక్స్, పేటెంట్స్, 1917’ అని ముద్ర ఉంది, పిడి గోధుమరంగు చెక్క. ఇది నిజంగా 1917 నాటిదేనా, పిడి దానితో వచ్చిందేనా అన్నది మీ ప్రశ్న. హనుమకొండలో మా పెద్దతాతగారు వదిలివెళ్లింది కూడా సరిగ్గా ఇదే రకం కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు అత్యవసరమైన మాట. లైసెన్సు తాతగారి పేరు మీద ఉండేది కాబట్టి ఇప్పుడు దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం దగ్గరి పోలీసు స్టేషన్‌లోగాని, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గరగాని జమచేసి రసీదు తీసుకోండి. వారసులుగా మీ పేరు మీద లైసెన్సుకు ఆ తర్వాత దరఖాస్తు చేసుకోవచ్చు. నూరేళ్లు దాటింది కదా, పురావస్తువు కింద వదిలేస్తారులే అనుకోవద్దు. 45వ సెక్షన్‌లోని మినహాయింపు మరమ్మతు చేసినా పేలని ఆయుధాలకే. మేమూ డీలరు దగ్గర జమచేశాం. కింద చెప్పేదంతా అక్కడి ముసలి మేస్త్రి తుపాకీని ఖాళీ చేసి, విప్పి చూపిస్తే తెలుసుకున్నదే.

సంవత్సరం విషయంలో మీకు పెద్ద చిక్కు లేదు. మార్క్ సిక్స్ అంటే వెబ్లీ సైనిక రివాల్వర్లలో ఆరో నమూనా. బ్రిటిష్ సైన్యం దాన్ని 1915లో తీసుకుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ చేసిన వాటి మీద ఫ్రేముకు, అంటే మిగతా భాగాలను పట్టి ఉంచే ఉక్కు చట్రానికి, ఎడమ వైపు తయారైన సంవత్సరమే కొట్టేవారు. 1921 నుంచి 1926 వరకు ఇదే రకాన్ని ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారం చేసింది, వాటి మీద ఎన్‌ఫీల్డ్ ముద్ర ఉంటుంది. ఇంకా నిర్ధారించుకోవాలంటే బారెల్ కొలవండి, 6 అంగుళాలు ఉండాలి. పిడి అడుగు పలకగా ఉండాలి. అంతకుముందు వచ్చిన మార్కులకు అది పక్షి తలలా గుండ్రంగా వంగి ఉంటుంది. బాణపు మొన గుర్తు కనిపిస్తే అది సర్కారు ఆస్తి అని అర్థం. రెండు బాణాలు మొనకు మొన ఆనించుకున్నట్టు ఉంటే సైన్యం దాన్ని బయటికి అమ్మేసిందన్నమాట. మా దాని మీద ఆ రెండో గుర్తు సగమే మిగిలింది. మెరుపు తెప్పిస్తానని ఎవరో మరమ్మతుదారు ఎప్పుడో గరుకు కాగితంతో రుద్దేశాడు. ఇప్పటికీ చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి మీరు పాలిష్ జోలికి వెళ్లకండి.

ఇక పిడి. ఫ్రేము మీది 1917 ఫ్రేముకే సాక్ష్యం, పిడికి కాదు. ఒక్క మర విప్పితే రెండు పలకలూ ఊడివస్తాయి, వందేళ్లలో ఎవరైనా మార్చి ఉండవచ్చు. మార్క్ సిక్స్ కర్మాగారం నుంచి వచ్చినప్పుడు పిడికి ఉండేవి చెక్క పలకలు కావు, వల్కనైట్ పలకలు. అంటే గంధకం కలిపి గట్టిపరచిన నల్లటి రబ్బరు, పైన చేయి జారకుండా సన్నటి గళ్లు. అసలుది చెక్కేనని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, వారు 1932లో వచ్చిన ఎన్‌ఫీల్డ్ నంబర్ టూ అనే మరో బ్రిటిష్ సైనిక రివాల్వర్‌తో పొరబడి ఉంటారు. దానికి తొలిరోజుల్లో వాల్‌నట్ చెక్క వేసేవారు.

అయితే తొందరపడి ‘మార్చేశారు’ అనుకోవద్దు. వల్కనైట్ వెలుతురు తగిలి తగిలి గోధుమరంగులోకి తిరుగుతుంది, దూరం నుంచి అచ్చం చెక్కలాగే కనిపిస్తుంది. పలక మీద బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది వాసన చూడండి. అగ్గిపుల్ల గీసినప్పటి గంధకం వాసన వస్తే అది వల్కనైటే. నీళ్లతో మాత్రం కడగకండి, రంగు ఇంకా పాడవుతుంది.

మా దానికి ఆ వాసన రాలేదు. మేస్త్రి మరచాలుకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ ఏరి, మర తీసి, కుడి పలకను గోటితో పైకి లేపాడు. లోపలి ఉక్కు మీద పాత నీలిరంగు పూత చెక్కుచెదరలేదు. కానీ ఆ పూత అంచు చెక్క అంచుతో కలవలేదు. కింది మూలలో నూలుపోగంత తేడాతో మరో గీత కనిపించింది, అది ముందున్న పలక వదిలిన జాడ. చెక్కను వెలుతురులో తిప్పితే టేకు నారలు బయటపడ్డాయి. ఇంగ్లండు కర్మాగారంలో వేసింది కాదు, ఇక్కడి వడ్రంగి చేతిపని. అన్నిటికంటే నన్ను కదిలించింది పలక వెనక పెన్సిల్‌తో రాసిన ఒక్క ఉర్దూ మాట. మా ఇంట్లో ఉర్దూ చదివే తరం పోయింది. పక్కింటి పెద్దాయనకు ఫోనులో ఫోటో చూపిస్తే ‘సీదా’ అని చదివారు. దక్కనీలో కుడి వైపును అలాగే అంటారు. ఏ పలక ఏ వైపుదో మరచిపోకుండా ఆ వడ్రంగి రాసుకున్న గుర్తు అది. నిజాం కాలంలో కచేరీ భాష, బడి భాష ఉర్దూయే కాబట్టి, తుపాకీ పెద్దతాతగారి చేతిలో ఉండగానే ఈ పలకలు చేయించి ఉంటారని మా నమ్మకం.

పాత వల్కనైట్ పలకలు తెప్పించి బిగిస్తే విలువ పెరుగుతుందని డీలరు అన్నాడు. సేకరించేవారి లెక్కలో అది నిజమే. మేము ఒప్పుకోలేదు, టేకు పలకలనే తిరిగి బిగించమన్నాం. మీవి కూడా చెక్కే అని తేలితే, అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెసన్ పాత రివాల్వర్లలో లాగా లోపల తుపాకీ నంబరు ఉంటుందని వెతకకండి. ఉక్కు మీది జాడను, పలక వెనక భాగాన్ని చూడండి. గుడ్డతో తుడిచేలోపే రెండింటికీ ఫోటోలు తీయించండి, పెన్సిల్ గీత ఒక్క తుడుపుకే పోతుంది.