అబ్‌స్ట్రాక్ట్ సరే, వర్క్‌షాప్ ఎవరి కోసం?

ప్రశ్న: గుంటూరులో అనస్థీషియా ఎండీ రెండో ఏడాది చదువుతున్నాను. మోకాలి మార్పిడి ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గించే రెండు రకాల నర్వ్ బ్లాక్‌లను (నరం దగ్గర మత్తుమందు ఇచ్చే పద్ధతులను) పోల్చడం నా థీసిస్. 60 మందికి గాను 41 మంది పూర్తయ్యారు. పెయిన్ మెడిసిన్ సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) పంపమని గైడ్ అంటున్నారు. నరాన్ని తెరమీద చూస్తూ బ్లాక్ వేయడం నేర్పే అల్ట్రాసౌండ్ వర్క్‌షాప్‌కు కూడా ప్రొపోజల్ పెడదాం, సీవీకి మంచిదని ఒక సీనియర్ అంటున్నారు. రెండూ ఎలా రాయాలి?

జవాబు: ముందు థీసిస్ సంగతి. మధ్యలో ఒకసారి లెక్క చూస్తామని సినాప్సిస్‌లో (థీసిస్ ప్రణాళికలో) ముందే రాసుకుని ఉంటే తప్ప, 41 మంది దగ్గర ఫలితాలు విప్పకండి. ఏ బ్లాక్ బాగుందో తెలిశాక మిగతా 19 మందిని అదే కంటితో చూడలేరు. పోనీ ‘ఫలితాలు సదస్సులో చెబుతాం’ అని రాసి పంపుదామా అంటే, అలాంటివాటిని చాలా చోట్ల మొదటి వడపోతలోనే పక్కన పెట్టేస్తారు. గైడ్‌కు ఈ మాట చెప్పాలంటే టెన్షన్‌గానే ఉంటుంది. అందుకే ఉత్త చేతులతో వెళ్లకండి. ‘సార్, ఇది పూర్తి ఫలితాలతో వచ్చే ఏడాది పంపుదాం, ఈసారికి ఇంకోటి ఉంది’ అనండి.

ఆ ఇంకోటి మీ వార్డులోనే ఉంది. ఆపరేషన్ అయిన మొదటి రాత్రి పేషెంట్ల నొప్పి స్కోరు ఎన్నిసార్లు రాశారో కేస్ షీట్లు తిరగేసి చూడండి. లేదా ఇంకాస్త ఆసక్తికరమైనది చెబుతాను. సున్నా నుంచి పది వరకు మీ నొప్పి ఎంత అని అడిగితే మన పెద్దవాళ్లు ఏమంటారో గమనించారా? ‘రూపాయికి అర్ధరూపాయి తగ్గింది బాబూ’ అంటారు. ఆ అర్ధరూపాయిని మనం ‘5’ అని రాసేసుకుంటాం. కానీ వాళ్లు చెప్పింది తగ్గిన వాటా, ఇప్పుడున్న నొప్పి కాదు. మొదట 8 ఉంటే ఇప్పుడు 4 ఉండాలి. ఇక పోటు, సలుపు, మంట, జివ్వుమనడం, సూదులు గుచ్చినట్టుండడం, ఇవన్నీ ఒకే నొప్పి కావు. నొప్పిని వర్ణించే మాటల్ని రొనాల్డ్ మెల్జాక్ 1975లో మెక్‌గిల్ ప్రశ్నావళిగా అచ్చు వేయించారు. మన వార్డులో వినిపించే మాటలకూ స్కోరుకూ పొంతన ఎంత? ఇది చిన్న పరిశోధనే, కానీ గుంటూరులో కూర్చుని చేయదగ్గది. ఏది ఎంచుకున్నా, కేస్ షీట్ల ఆడిట్ అయినా సరే, ముందు ఎథిక్స్ కమిటీకి కాగితం పెట్టండి. అనుమతి అక్కర్లేదనే మాట వాళ్ల నోటినుంచే రావాలి.

థీసిస్ అబ్‌స్ట్రాక్ట్ రాసే రోజు వచ్చినప్పుడు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, సీటీఆర్ఐ (మనదేశంలో క్లినికల్ ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నంబర్. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి పేషెంట్‌ను చేర్చుకోకముందే నమోదు చేయాలన్నది నియమం. మీది అలాగే జరిగిందో లేదో ఈ రోజే చూడండి. రెండు, పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకె) మీద మోజు. రెండు గ్రూపుల మధ్య తేడా 0.6 పాయింట్లు వచ్చి పి విలువ 0.03 ఉంటే సంబరపడకండి. పదికి సుమారు 2 పాయింట్లో, ముప్పై శాతమో తగ్గితేనే పేషెంట్‌కు తేడా తెలుస్తుందని దీర్ఘకాలిక నొప్పిపై జరిగిన అధ్యయనాల్లో తేలింది. ఆపరేషన్ నొప్పికి ఆ గీత కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, అయినా పరీక్షకులు అడిగేది అదే. పేర్లు కనపడకుండా మూల్యాంకనం చేసే చోట ఆస్పత్రి పేరు రాయకూడదని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇక వర్క్‌షాప్. అబ్‌స్ట్రాక్ట్‌లో ‘మీరేం చూశారు’ అని అడుగుతారు. వర్క్‌షాప్ ప్రొపోజల్‌లో ‘వచ్చినవాళ్లు సాయంత్రానికి ఏం చేయగలుగుతారు’ అని అడుగుతారు. ‘అల్ట్రాసౌండ్‌పై అవగాహన కల్పిస్తాం’ అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ అర్థం కాదు. ‘అడక్టర్ కెనాల్‌ను ఎవరి సాయం లేకుండా తెరమీద గుర్తుపట్టి, ఫాంటమ్‌లో సూది కొన కనపడేలా పోనివ్వగలరు’ అని రాయండి (అడక్టర్ కెనాల్ అంటే తొడలో నరం వెళ్లే దారి, ఫాంటమ్ అంటే సూది గుచ్చి సాధన చేసే నమూనా). ఒక్కో ప్రోబ్ (ఒంటిమీద ఆనించే అల్ట్రాసౌండ్ పరికరం) దగ్గర నలుగురైదుగురు మించకూడదు. అంటే 20 మందికి కనీసం నాలుగు మెషీన్లు, నలుగురు నేర్పేవాళ్లు కావాలి. ఆ నలుగురి ఒప్పుకోలు ముందే తీసుకోవాలి. ఫాంటమ్‌కు ఖరీదైన మోడల్ దొరక్కపోతే జెలటిన్‌తోనో, కోడి తొడలతోనో పని నడిపించవచ్చు.

చాలామంది మరిచిపోయేది మెషీన్ కాగితాలు. మనదేశంలో లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 నాటి చట్టం కింద అల్ట్రాసౌండ్ మెషీన్ ఏ చోటికి నమోదైతే అక్కడే ఉండాలి. కంపెనీవాళ్లు కారులో వేసుకొచ్చి హోటల్ హాల్లో పెట్టేస్తామంటే కుదరదు. జిల్లా స్థాయి అధికారుల అనుమతి ఎవరు తెస్తారో ప్రొపోజల్‌లోనే ఒక వాక్యం రాస్తే, మీకు పని తెలుసని చదివేవాళ్లకు అర్థమవుతుంది.

పీజీగా ఈ వర్క్‌షాప్‌కు మీరు నాయకత్వం వహించక్కర్లేదు, అలా పెడితే నెగ్గడమూ కష్టమే. ప్రొపోజల్ మీరు రాయండి, ముందు పేరు బ్లాక్‌లు రోజూ చేసే కన్సల్టెంట్‌ది ఉండనివ్వండి. టేబుల్ దగ్గర సహాయకుడిగా మీ పేరు చేర్చమనండి. సీవీ కోసమే అయితే మాత్రం మానేయండి. పెయిన్ ఫెలోషిప్ ఇంటర్వ్యూలో ‘ఆ వర్క్‌షాప్‌లో మీరేం చేశారు’ అన్న ప్రశ్నకు నీళ్లు నమలాల్సి వస్తుంది.

ఎక్కడికి పంపాలి? మొదట ఇండియన్ సొసైటీ ఫర్ స్టడీ ఆఫ్ పెయిన్ వార్షిక సదస్సు చూడండి. నొప్పిపై పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ వాళ్ల ప్రపంచ సదస్సు రెండేళ్లకోసారి జరుగుతుంది, 2024లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. అక్కడ టాపికల్ వర్క్‌షాప్ అంటే సూది పట్టుకునేది కాదు, ఒకే అంశం మీద కొందరు వక్తలు మాట్లాడే సెషన్. దాని ప్రొపోజళ్లు చాలా ముందుగానే అడుగుతారు, ఒకే ఆస్పత్రి నుంచి అందరూ ఉంటే నెగ్గడం కష్టం. ‘గౌరవనీయ ప్రొఫెసర్ గారూ’ అంటూ ఫీజు కోసమే నడిచే సదస్సుల నుంచి మీకు మెయిల్ వస్తే మాత్రం డిలీట్ చేయండి. మీరింకా ప్రొఫెసర్ కాదన్న సంగతి వాళ్లకు తెలియదు, ఫీజు కడితే చాలు.

గడువుకు రెండు వారాల ముందే అబ్‌స్ట్రాక్ట్‌ను ప్రింట్ తీసి గైడ్ చేతికివ్వండి. ఆపరేషన్ థియేటర్ బయట వాట్సాప్‌లో చదివి ‘ఓకే’ అన్నది చదివినట్టు కాదు. రచయితల పేర్ల వరస కూడా అప్పుడే అడిగి రాయించుకోండి, పంపేశాక మార్చడం కష్టం.