ఆర్చి చూసి ప్లాటు తీసుకోవద్దు

మీ జిల్లాలో కొత్తగా వస్తున్న చిన్న పరిశ్రమల పార్కులో ప్లాటుకు దరఖాస్తు పెడదామనుకుంటున్నారు, పార్కు నాణ్యత ఎలా తెలుస్తుందని అడిగారు. బ్రోచరు పక్కన పెట్టి, గట్టి వాన పడ్డ మర్నాడు ఒకసారి అక్కడికి వెళ్లి రండి. తెలియాల్సిందంతా ఆ ఒక్క పూటలో తెలిసిపోతుంది.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో అద్దె షెడ్డులో పదకొండేళ్లు లేత్ పని చేశాను. ఆ తర్వాత అప్పు చేసి ఊరవతల ఒక పార్కులో సొంత షెడ్డు వేసుకున్నాను. పేరు చెప్పను. గేటు దగ్గర పెద్ద ఆర్చి, లోపల నల్లగా మెరిసే రోడ్డు, మధ్యలో పూల మొక్కలు. మా ఆవిడకీ నాకూ చూడగానే మనసు పడింది.

రెండో ఏడు జులైలో కోయంబత్తూరు నుంచి మా మొదటి వీఎంసీ మెషిను వచ్చింది, అంటే కంప్యూటర్‌తో నడిచి లోహాన్ని చెక్కే మెషిను. బరువు ఆరు టన్నుల దాకా ఉంటుంది. సాయంత్రం నుంచి వాన. మా వీధి మలుపులో ట్రైలర్ ఆగిపోయింది, ఎందుకంటే సరిగ్గా ఆ మూల మీదే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కట్టారు. డ్రైవరు ముందుకీ వెనక్కీ ఆరేడు సార్లు కొట్టి చూసి, "అన్నా, ఈ బండి ఇక్కడ తిరగదు" అని దిగిపోయాడు. హైడ్రా క్రేన్ పిలిపించి మెషిన్‌ను మెయిన్ రోడ్డు మీదే దించి, తాళ్లతో వేలాడదీసి నెమ్మదిగా తెస్తున్నాం. మా షెడ్డుకు ఇరవై అడుగుల దూరంలో హైడ్రా టైరు కింద డ్రైన్ మీద బిళ్ల విరిగింది. మెషిన్ ఒక పక్కకు ఒరిగింది. మా కుర్రాడు జాకీ పట్టుకుని కిందికి దూరబోతే చొక్కా పట్టి వెనక్కి లాగాను. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. మనిషికి ఏమీ కాలేదు. మెషిన్‌కు మాత్రం అలైన్‌మెంట్ మళ్లీ చేయించాం. మూడు వారాల పని పోయింది.

ఆ రాత్రే షెడ్డులోకి నీళ్లొచ్చాయి. కారణం చాలా మామూలుది. రోడ్డు ఎత్తు, షెడ్డు పల్లం. ప్లాట్లు అమ్మేశాక రోడ్డు మీద రోడ్డు పోశారు.

కేంద్రంలో పరిశ్రమల వ్యవహారాలు చూసే డీపీఐఐటీ అనే శాఖ 2021లో పార్కులకు రేటింగులు ఇచ్చింది. 449 పార్కులను చూసి 41 పార్కులను 'లీడర్స్' అంది. లోపలి సౌకర్యాలు, బయటి సౌకర్యాలు, పర్యావరణం-భద్రత, వ్యాపార సేవలు అని నాలుగు విషయాలు చూశారు. మంచి పనే, నేను కాదనను. కానీ చిన్నవాడికి కావలసిన కొలతలు వేరు. మలుపులో నిండు లోడు బండి తిరగాలి. ఫైరింజను తిరగడానికే 9 మీటర్ల రేడియస్ కావాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ అంటుంది, మరి ట్రైలర్ మాటేమిటి? నా లెక్కలో 40 అడుగులకు తక్కువ రోడ్డున్న పార్కు లేత్‌లకు పనికొస్తుందేమో గానీ పెద్ద మెషిన్లకు పనికిరాదు.

ఇంకోటి, ఎవరూ అడగనిది. మా దగ్గర తయారైన భాగాల కొలతలు గేజీలతో చెక్ చేసే అమ్మాయి ఉండేది, చేయి తిరిగిన పనిమంతురాలు. బస్టాపు రెండు కిలోమీటర్లు, దారిలో ఒక్క దీపం లేదు. చలికాలం ఆరింటికే చీకటి. వాళ్ల నాన్న రోజూ వచ్చి తీసుకెళ్లేవాడు, ఆయనకు ఒంట్లో బాగోకపోయేసరికి ఆమె మానేసింది. అలాంటి మనిషి మళ్లీ దొరకలేదు. ఆ పార్కులో ఆడవాళ్లకు ఒక్క కామన్ టాయిలెట్ కూడా లేదు. పూల మొక్కలకు మాత్రం రోజూ ట్యాంకరు వచ్చేది.

ప్లాటు తీసుకుని ఏళ్ల తరబడి తాళం వేసి ఉంచేవాళ్ల మీదా నాకు కోపమే. రేటు పెరిగాక అమ్ముకోవడానికి ఆగుతారు. పక్కన పిచ్చి చెట్లు, పాములు. పని చేసుకునేవాడికి స్థలం దొరకదు.

మీ పార్కులో ఐలా, అంటే పారిశ్రామికవాడకు పంచాయతీ లాగా పనిచేసే స్థానిక సంస్థ, ఉంటుందో లేదో తప్పకుండా కనుక్కోండి. ఐలా ఉన్న చోట ఆస్తి పన్ను అదే వసూలు చేస్తుంది, 35 శాతం పంచాయతీకో మునిసిపాలిటీకో పోగా మిగతాది ఎస్టేటు రోడ్లకూ దీపాలకూ వాడాలి. అది లేకపోతే దీపం పోయినా ఎవరిని అడగాలో తెలియదు. మేం ఏడాదిన్నర పాటు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగాం.

లేఅవుటు కాపీ అడిగి తీసుకోండి. డ్రైన్ గీత మీద వేలు పెట్టి చివరిదాకా వెళ్లండి. ఏదో ఒక వాగో, పెద్ద కాలవో తగలాలి. నేను ఆ పని షెడ్డులో నీళ్లు తోడిన మర్నాడు చేశాను. మా గీత పక్కవాళ్ల ప్రహరీ గోడ దగ్గర ఆగిపోయి ఉంది.